మడతపాటకు బదులు

లాండ్రీ వెనక వీధి, మేడ మీద గది

అల్లుడికి,

అత్త చెప్పి రాయిస్తున్న ఉత్తరం. మేం బాగున్నామా లేదా అన్నది చివర్లో రాయిస్తాను. ముందు పని చూద్దాం.

నా మాటను కాగితం మీద పెడుతున్నది మీ పిన్ని, అంటే నా ఆడపడుచు. నాకు అక్షరం రాదు, ఆవిడకు ఆగడం రాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని ఒప్పందం. మధ్యలో సొంత మాట దూర్చిందంటే టీ ఇవ్వనని చెప్పాను. (వదిన టీ పెట్టి పదేళ్ళు దాటింది. ఈ ఇంట్లో పెట్టేది నేనే. - పిన్ని)

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "సరే అత్తయ్యా, అలాగే అత్తయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే చదివి తీరాలి.

నువ్వు పంపిన పాట విన్నాం. పిన్ని ఫోన్‌ను బల్ల మీద పెట్టింది, నేను దానికి చెవి ఆనించి కూర్చున్నాను. మొదట అది మా పాటేనని పోల్చుకోలేకపోయాను. దుప్పట్లు మడిచేటప్పుడు మేం పాడుకునే మడతపాటను అంతమంది ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి పాడుతుంటే, నా గుడ్డ ఎవరో కట్టుకుని ఎదురొచ్చినట్టుంది. వాయించేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ అలిగి వెళ్ళిపోయారా అన్నాను. కాదు, ఒట్టి గొంతులతో పాడటమే మీ బృందం పద్ధతి అని పిన్ని చెప్పింది. సరే. మగవాళ్ళు అడుగున పట్టి ఉంచిన ఆ ఒక్క స్వరం మాత్రం బాయిలర్ గది గోడకు వీపు ఆనించినట్టుంది. అది నాకు నచ్చింది. నచ్చినదాన్ని నచ్చలేదనే అలవాటు నాకు లేదు.

ఇక నచ్చనిది. "ఇటు కొస నాదే, అటు కొస ఎవరిదే" అని ఎత్తుకుంటారు. ఆ వెంటనే అందరూ ఒక్కసారిగా మూగబోతారు. ఫోన్ పాడైందనుకుని పిన్ని దాన్ని రెండు దెబ్బలు వేసింది. మళ్ళీ పాట, మళ్ళీ మూగ. నాలుగు చరణాలకూ నాలుగుసార్లు అదే తంతు. జనం డబ్బులిచ్చి లోపలికొచ్చేది మీరు నోరు మూసుకుని నిలబడితే చూడటానికా?

ఆ పాటను పెద్ద హాల్లో పాడబోతున్నామనీ, తర్వాత అచ్చు వేస్తారనీ, అందుకు నా వేలిముద్ర కావాలనీ రాశావు. అది నా కూతురు బతికుండగా, దాని ఎదురుగా నేను పాడిన పాట. నా కూతురు నీకు పెళ్ళాం. కాబట్టి నీకు కొంత హక్కు ఉంది, కాదనను. కానీ ఆ మూగతనం ఉన్నంతకాలం వేలిముద్ర లేదు. దాన్ని తీసెయ్. అది కుదరకపోతే పాటే తీసెయ్. నా బొటనవేలు నా దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

బాగున్నాం. పిన్నికి మోకాళ్ళు. నాకేమీ లేదు.

నీ అత్త


సంగీత పాఠశాల, పై అంతస్తు

అత్తయ్య గారికి నమస్కారాలు. చదివి వినిపించే పిన్ని గారికి కూడా.

మీ ఉత్తరం బృందంలో అందరికీ చదివి వినిపించాను. తప్పయితే క్షమించండి. బాయిలర్ గది గోడ అన్న మాట దగ్గర మా మగవాళ్ళు పొంగిపోయారు. వాళ్ళను ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోరు. ఆ అడుగు స్వరం పట్టే మందుల షాపాయన ఆ వాక్యాన్ని రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఈసారి మేం కొత్తగా పాడుతున్నవి మూడు. ఒకటి ఇక్కడి బళ్ళో పాఠాలు చెప్పి కన్నుమూసిన ఒకావిడ రాసుకున్న కవిత. రెండోది ఒక పాత గ్రంథంలోని ప్రార్థన, రెండే వాక్యాలు. మూడోది మీ మడతపాట. మొదటి రెండింటికీ వరస నేను కట్టాను. మూడోదానికి నేను కట్టింది ఏమీ లేదు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించి గొంతులకు పంచాను, అంతే.

మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రికార్డు చేసింది మీ అమ్మాయే. "మా అమ్మ పాట లేకపోతే నీ సంగీతమంతా దండగ" అని ఎప్పటినుంచో దెప్పేది. ఒక రోజు నా రికార్డర్ తీసుకుని లాండ్రీకి వచ్చి, ఇస్త్రీ బల్ల మీద పెట్టి మీతో పాడించింది. ఇంటికొచ్చి దాన్ని నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది.

అందులో దుప్పటి దులిపిన చప్పుడు వస్తుంది. దుప్పటి దులిపిన చప్పుడు వస్తుంది. తర్వాత అడుగులు. ఆ తర్వాత ఏమీ ఉండదు. మళ్ళీ మీ గొంతు. ఆ ఖాళీ నేను పెట్టింది కాదు అత్తయ్యా, మీరు ఎంతసేపు ఆగారో మా వాళ్ళనూ అంతసేపే ఆపాను. అది పాటలో ఒక భాగమనీ, ఊపిరి తీసుకోవడానికి పెద్దవాళ్ళు పెట్టుకున్న చోటనీ అనుకున్నాను. మా బృందంలో ఒక బస్సు కండక్టరమ్మ ఉంది. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటుంది. ఎందుకో తనకే తెలియదట.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఖాళీకి ముందు వినబడే అడుగులు మీ అమ్మాయివి. ఆమె పాడిన పాటలు నా దగ్గర చాలా ఉన్నాయి, కానీ ఆమె నడిచిన చప్పుడు ఇదొక్కటే. రెండు వారాల జ్వరం మన చేతుల్లోంచి ఆమెను లాక్కుపోయాక నేను వింటున్నది దాన్నే. ఆ చోటు తీసెయ్యమంటే నాకు చేతులు రావడం లేదు.

అక్కడ నిజంగా మాటలు ఉండి, రికార్డులో తప్పిపోయి ఉంటే పంపండి. వెంటనే పెట్టేస్తాను. కచేరీ వచ్చే నెల.

మీ అల్లుడు


లాండ్రీ వెనక వీధి, మేడ మీద గది

అల్లుడికి,

బదులు మాటలు పంపమన్నావు. మూటగట్టి పంపడానికి అవి నా దగ్గర లేవు. నువ్వు ఎన్నడూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు విను.

పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు ఉండాలి. చెరో రెండు కొసలు పట్టుకుని దూరం జరిగి, ఒక్క దులుపు దులిపి, వెనక్కి వాలి బిగలాగాలి. అలా లాగేటప్పుడు పిలుపు. పిలిచే మనిషి ఉన్నచోటనే ఉంటుంది. అవతలి మనిషి తన కొసలు పట్టుకుని నడిచొచ్చి, వాటిని పిలిచినదాని చేతిలో పెడుతుంది. అప్పుడు ఇద్దరి మొహాలూ ఎంత దగ్గరో తెలుసా? అవతలిదాని ముక్కు మీది చెమట బొట్టు లెక్కపెట్టొచ్చు. అక్కడ, ఆ మొహం మీదే, పిలుపు వరసలోనే బదులు చెప్పాలి.

ఆ బదులు ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి. ఆ రోజుది ఆ రోజే. నిన్న చెప్పింది ఇవాళ చెప్పావో, మాట పాసిపోయింది, ముక్కు మూసుకోండే అని గదంతా ఏడిపిస్తారు. మొగుడి మీద కడతారు, అత్త మీద కడతారు, ఎదురుగా నిలబడ్డ సూపర్‌వైజరు మీద కూడా కడతారు. పాటలో తిట్టిన తిట్టుకు సూపర్‌వైజరు కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే మర్నాడు దాని మీద ఇంకో బదులు వస్తుంది. పాటంతా అక్కడే ఉంది నాయనా. నేను పాడేది తలుపు తట్టడమే. నువ్వు తలుపు తట్టే చప్పుడు అంతమంది గొంతులకు పంచి, ఇంట్లో మనిషిని వదిలేశావు.

మరి రికార్డులో బదులు ఎందుకు లేదు?

దీన్ని నీకు చెప్పకుండానే పోదామనుకున్నాను. నువ్వు చెప్పించుకుంటున్నావు.

మా లాండ్రీలో ఇంకో పద్ధతి ఉంది. కొసలు పట్టుకుని దగ్గరికొచ్చి, కళ్ళలోకి చూసి, ఏమీ అనకుండా కొసలు చేతిలో పెట్టిందనుకో. దాన్ని "నోరు మడిచింది" అంటాం. అంటే నా దగ్గర ఒక మాట ఉంది, అది బయటికి రాదు, అడగొద్దు అని. అలా మడిస్తే ఎవరూ అడగరు. గదిలో అడగరు, కుళాయి దగ్గర అడగరు, ఇంటికి నడిచే దారిలోనూ అడగరు. పొద్దస్తమానం అందరం ఒకే ఆవిరిలో ఉంటాం. ఎవరి ఒంటి మీద దెబ్బ ఉందో, ఎవరు నెల తప్పారో ఇట్టే తెలిసిపోతుంది. ఏదైనా దాచుకోవాలంటే చోటు లేదు. ఆ ఒక్క చోటు మేమే కట్టుకున్నాం.

మామూలుగా ఒక దుప్పటికి మడుస్తారు. రెండో దుప్పటికి కాస్త తేరుకుని ఏదో ఒకటి అంటారు. నా కూతురు ఆ రోజు నాలుగింటికీ మడిచింది. నా ఎరుకలో అలా నాలుగింటికీ మడిచిన మనిషి ఇంకొకరే ఉన్నారు, బొత్తాలు కుట్టే ఆవిడ. ఆవిడ ఆ ఏడాది దాటలేదు.

వాగుడుకాయ అని పేరు దానికి. పెళ్ళికి ముందూ, పెళ్ళయిన కొత్తలోనూ నాతోపాటు అక్కడే పనిచేసింది కదా, దాని బదులు వినడానికి పక్క గదిలో పిండేవాళ్ళు చేతులు ఆపేవారు. అలాంటిది నాలుగుసార్లు నడిచొచ్చి నా మొహం ముందు నిలబడి నోరు మడిచింది. కళ్ళ కింద చూశాను. మెడ దగ్గర చూశాను. కొసలు అందించేటప్పుడు దాని వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. ఆ ఆవిరిలో, ఆ ఉక్కలో, చల్లగా ఉన్నాయి. వెళ్ళేటప్పుడు "వస్తానమ్మా" అంది. "ఊ" అన్నాను. అడగలేదు.

అది చలికాలం. పిల్ల పోయింది ఎండలు ముదిరాక. నువ్వు రెండు వారాల జ్వరం అన్నావు. సరే అన్నాను. నాకు చలికాలంలోనే తెలుసు.

(ఈ సంగతి నాకు కూడా ఇది రాస్తున్నప్పుడే తెలిసింది. ఒకే ఇంట్లో ఉంటున్నాం. - పిన్ని)

ఇప్పుడు నువ్వే చెప్పు. ముక్కూమొహం తెలియని జనం ముందు, అంతమంది వరసగా నిలబడి నోరు మడిస్తే నేను ఎలా వినేది? వాళ్ళందరికీ ఏమొచ్చింది? ఆ బస్సు కండక్టరమ్మకు ఏమొచ్చింది? తీసెయ్.

నీ అత్త


ఇంటి నుంచి

అత్తయ్య గారూ,

మీకు తెలుసు.

  ఆ మాట తర్వాత తోచినవన్నీ రాయకూడనివి. అయినా రాస్తున్నాను.

మీ అమ్మాయి నా చేత ఒట్టు వేయించుకుంది. అమ్మకు తెలియకూడదు, అమ్మ తట్టుకోలేదు అంది. మీరు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. ఆసుపత్రి వరండాలో నిలబడి "నిద్రపోతోంది అత్తయ్యా" అనేవాణ్ణి. ఆమె పక్క గదిలో దగ్గలేక దగ్గుతుంటే "పాటల తరగతికి వెళ్ళింది" అనేవాణ్ణి. ఫోన్ వచ్చే ముందు ఏం చెప్పాలో అద్దంలో చూసుకుని అనుకునేవాణ్ణి. మందులకు జుట్టు రాలిపోతుంటే ఒకసారి "జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ఇప్పుడదే ఫ్యాషనట" అని కూడా చెప్పాను. చక్కగా ఉందా అని అడిగారు మీరు. తెలిసీ అడిగారు.

ఆమె పోయాక కూడా ఆ అబద్ధాన్ని పట్టుకునే ఉన్నాను. మీ ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడల్లా రెండు వారాలు, రెండు వారాలు అని లోపల అప్పజెప్పుకునేవాణ్ణి, తేదీలు తడబడకుండా. అందుకే రావడం తగ్గించాను. దాన్ని నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. అవతల ఇంకొకరు ఉన్నారని తెలిస్తే నాకెంత తెరిపిగా ఉండేదో మీకు తెలియదు. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

పాటను కార్యక్రమంలోంచి తీసేశాను. మిగతా రెండూ చాలు. ఇక దీని గురించి రాయొద్దు.


లాండ్రీ వెనక వీధి, మేడ మీద గది

అల్లుడికి,

రాయొద్దన్నావు. నేను రాయడం లేదు, నాకు రాయడం రాదు. రాస్తున్నది మీ పిన్ని.

నీ ఉత్తరం ఆవిడే చదివి వినిపించింది. "బాగున్నాడట, పాట మానేశాడట, నమస్కారాలట" అంది. ఆవిడ కళ్ళు కాగితం అడుగుదాకా పోయాయి, నోట్లోంచి వచ్చింది ఒక్క లైను. నాకు అక్షరాలు రావు గాని మొహాలు వచ్చు. అన్నం తిననని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. అప్పుడు మొత్తం చదివింది. (రెండు పూటలు తినలేదు. - పిన్ని)

నా చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఇదే రోగం. ముసలిది తట్టుకోలేదు అంటారు. ఏం తట్టుకోలేదు? ఆవిరిని తట్టుకున్నాను, సూపర్‌వైజర్లను తట్టుకున్నాను, ఈ ఆడపడుచుతో ఇన్నేళ్ళు తట్టుకుంటున్నాను.

కోప్పడ్డావు. కోప్పడు. నా మీద కోప్పడే హక్కు ఇప్పుడు నీకు తప్ప ఎవరికీ లేదు. కానీ ఒకటి తప్పుగా అనుకున్నావు. కూర్చుని నీ అబద్ధాలతో ఆటాడుకున్నానని అనుకున్నావు.

నువ్వు నిద్రపోతోంది అన్నావనుకో, నాకు అది పక్కకు తిరిగి చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోతున్నట్టే కనబడేది. పాటల తరగతికి వెళ్ళింది అంటే మెట్లు ఎక్కుతున్నట్టు కనబడేది. జుట్టు కత్తిరించుకుందన్న రోజు నాకు అర్థమైంది. అర్థమయ్యే చక్కగా ఉందా అన్నాను. నువ్వు కొంచెం ఆగి, "చాలా చక్కగా ఉంది అత్తయ్యా" అన్నావు. అది మాత్రం అబద్ధం కాదు. ఆగిన ఆ కాస్తలో నువ్వు దాని వైపు తిరిగి చూశావు. నాకు ఇక్కడికి తెలిసింది.

అడిగి ఉంటే నిజం చెప్పేవాడివి. నిజం నా దగ్గర అప్పటికే ఉంది, రెండోది పెట్టుకుని ఏం చేసుకోను? నాకు కావలసింది అది లేచి తిరుగుతోందని చెప్పే మనిషి. వారానికి ఒకసారి నువ్వు దాన్ని లేపి నడిపించేవాడివి. ఫోన్ పెట్టేశాక సాయంత్రం దాకా నమ్మేదాన్ని. సోమవారం పొద్దున మళ్ళీ తెలిసేది. అలా వారానికి ఒక పూట నాకు కూతుర్ని మిగిల్చినవాడివి నువ్వు. దానికి నేను పెట్టిన పేరు అబద్ధం అని కాదు.

మరి వచ్చి చూడలేదేం అంటావా? వస్తే అది నా మొహం ముందు మళ్ళీ మడవాలి. ఆ రోజు నాలుగుసార్లు మడవడానికి దానికి ఎంత బలం పట్టిందో చూసినదాన్ని. ఇంకోసారి పెట్టనివ్వలేను.

ఇక పాట సంగతి. తీసెయ్యమన్నది నేను. నా మాట విని తీసెయ్యడానికి నువ్వెవరు? నిన్న మధ్యాహ్నం పిన్నితో మళ్ళీ పెట్టించుకుని విన్నాను. నాకు కష్టంగా ఉన్నది మౌనం కాదని అప్పుడు తెలిసింది. ముందు దాని నోరు ఎలాంటిదో తెలియనివాడికి అది నోరు మడిచిందని ఎలా తెలుస్తుంది? అందరూ మూగపిల్ల అనుకుంటారు. నా కూతురు మూగపిల్ల కాదు. మూడు చరణాలకు దాన్ని మాట్లాడనియ్. నాలుగోదానికి మడవనియ్.

పాసిపోయిన మాట చెప్పకూడదని నేనే అన్నాను. ఈ ఒక్క కచేరీకి చెప్పు. ఆ తర్వాత ఎవరు పాడినా వాళ్ళది వాళ్ళే కట్టుకోవాలి. అచ్చులో అక్కడ చోటు వదిలి "మీ మాట" అని వేయించు. దాని బదుళ్ళలో నాకు గుర్తున్నవి ఇవి. ఒకే రోజువి కావు.

ఇటు కొస నాదే, అటు కొస ఎవరిదే?
అటు కొస నాదమ్మా, నీ గురక విని వచ్చా,
కింద వాటా ఆయన శ్రుతి కుదర్చమన్నాడు.

దులిపితే నీళ్ళు, లాగితే మాట, మాటేదే?
మేనత్త రాసింది సరుకుల చీటీ,
చీమల పెళ్ళనుకుని కొట్టాయన దులిపేశాడు.

(ఇది రాయనన్నాను. ఒప్పందం గుర్తుచేసింది. నా అక్షరాలు మీరు చూస్తూనే ఉన్నారు, మీరే చెప్పండి. - పిన్ని)

దగ్గరికొచ్చావు, చేతిలో ఏం తెచ్చావే?
మొగుడు పాటల కాగితాలు మంచం నిండా పరిచాడు,
పడుకోబోతే అయ్యో, మగ గొంతులు తొక్కావన్నాడు.

కొసలు కలిశాయి, కబురు చెప్పవే.

(ఇక్కడ ఏమీ రాయొద్దంది. - పిన్ని)

ఇది మడిచాం, ఇంకోటి అందుకోవే.

వేలిముద్ర కింద వేశాను. సిరా దొరక్క పిన్ని పెన్ను రీఫిల్ విరిచింది. బల్ల మీద గుడ్డ పాడైంది. ఆ మరక పోదు, చూడగానే చెప్పాను.

నీ అత్త


సంగీత పాఠశాల, పై అంతస్తు
కచేరీ మర్నాడు

అత్తయ్యకు,

మూడో బదులు చదివి గదిలో ఒక్కణ్ణే నవ్వాను. మీ అమ్మాయి నా మీద ఆ పాట కట్టిందని నాకు తెలియదు. తొక్కింది మాత్రం నిజం. మగ గొంతులే.

నిన్న పాడాం. ముందు కవిత, తర్వాత ప్రార్థన. ప్రార్థన అయ్యాక హాలు కదలకుండా కూర్చుంది, అది ఎప్పుడూ అలాగే అవుతుంది. చివర మీ పాట. పిలిచే గొంతులను వేదికకు ఒక పక్క నిలబెట్టాను. పిలుపు ఎత్తుకునేది పళ్ళ డాక్టరమ్మ. బదులు చెప్పేది బస్సు కండక్టరమ్మ. ఆమె అటు చివర నుంచి నడిచి వస్తుంది. చేతుల్లో ఏమీ లేవు, దుప్పటి పట్టుకున్నట్టు నటించొద్దని కూడా చెప్పాను. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి బిగలాగే ఊపును గొంతుల్లో పట్టారు. మందుల షాపాయన బృందం బాయిలర్ గోడ కట్టింది.

గురక మాటకు హాలు ఉలిక్కిపడింది. ప్రార్థన తర్వాత అలాంటిది వస్తుందని అనుకోలేదు. నవ్వొచ్చా లేదా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చీమల పెళ్ళికి అందరూ నవ్వారు. మూడోదానికి ఇంకా గట్టిగా నవ్వారు, బృందం మొత్తం నన్నే చూస్తూ పాడింది. జనానికి నా వీపే కనబడుతుంది కాబట్టి బతికిపోయాను. చెవులు కాలిపోయాయి. ఆమె హాల్లో ఎక్కడో కూర్చుని నన్ను ఏడిపిస్తున్నట్టే ఉంది.

నాలుగో పిలుపు. కండక్టరమ్మ నడిచొచ్చింది. డాక్టరమ్మ ముందు నిలబడింది, మీరు చెప్పినంత దగ్గరగా. హాల్లో ఒకాయన ముందే నవ్వేశాడు, ఇంకోటి వస్తుందని సిద్ధంగా ఉన్నాడు పాపం. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన నవ్వు ఆగిన చప్పుడు నేను విన్నాను. ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు.

అక్కడ నేను చెయ్యి ఎత్తాలి. ఎత్తితేనే "ఇది మడిచాం" అని వాళ్ళు అందుకుంటారు. అన్నాళ్ళూ అలాగే నేర్పాను. నా చెయ్యి లేవలేదు. ఎత్తితే ఆమె వెళ్ళిపోతుంది అనిపించింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుని, తనంతట తానే ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. పాట నా ప్రమేయం లేకుండా పూర్తయింది. నేను అక్కడ నిలబడి ఉన్నాను, అంతే.

అచ్చులో చోటు వదిలించాను. "మీ మాట" అని వేస్తున్నారు. నాలుగో చరణం దగ్గర ఏమని వేయాలని అడిగారు. ఏమీ వద్దన్నాను.

ఒకటి అడగాలి. ఆ రోజు మీరు ఆ మొహం అంత దగ్గరగా చూశారు. చూసి, నాలుగుసార్లూ తర్వాతి మాట ఎత్తుకున్నారు. రికార్డు ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు, మీ గొంతు ఎక్కడా వణకలేదు. నాకు చెయ్యే లేవలేదు. మీకు గొంతు ఎలా వచ్చింది?

మీ అల్లుడు


లాండ్రీ వెనక వీధి, మేడ మీద గది

అల్లుడికి,

పిన్ని నీ ఉత్తరం మొత్తం చదివింది, ఈసారి ఏమీ మింగలేదు. ఆ ముందే నవ్వినాయన సంగతి రెండుసార్లు చదివించుకున్నాను.

అడిగావు కాబట్టి చెప్తాను. కొసలు నా చేతిలో పెట్టాక దుప్పటి మధ్య మడత నేల మీదికి వేలాడుతుంది. బదులు చెప్పిన మనిషే వంగి ఆ మడత అందుకుని, మళ్ళీ వెనక్కి నడవాలి. పిలిచే మనిషి అప్పుడు తర్వాతి మాట ఎత్తుకోవాలి. అదీ పద్ధతి.

మొదటి దుప్పటికి అది వంగబోయింది. వంగుతూ ఒక చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుంది. పెట్టుకుని వెంటనే తీసేసింది, నేను చూడలేదనుకుని. అది వంగకూడదు అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. అందుకే అది పూర్తిగా వంగకముందే మాట ఎత్తుకుని, కొసలు పట్టుకునే నేను వంగాను. రికార్డులో నా గొంతు వణకలేదన్నావు. నడుము వంచి నేల మీది గుడ్డ అందుకుంటూ పాడే మనిషికి ఊపిరంతా నడుముకే చాలదు, వణకడానికి ఎక్కడ మిగులుతుంది.

పిలిచే మనిషి వంగడం మా లాండ్రీలో లేదు. అది నా వంక చూసింది. చూసి నవ్వింది, చప్పుడు చేయకుండా. దాని పని నేను చేస్తున్నానని దానికి తెలిసింది, ఎందుకు చేస్తున్నానో కూడా తెలిసిందనే నేను అనుకుంటాను. అదేదీ నీ రికార్డుకు అందలేదు.

రెండోదానికీ మూడోదానికీ నేనే వంగాను. నాలుగోదానికి వంగితే నడుము పట్టేసి లేవలేకపోయాను. మాట నోట్లోనే ఉంది, పాడుతూనే ఉన్నాను. అది దుప్పటి పక్కకు నెట్టి, నా మోచెయ్యి కింద చెయ్యి వేసి లేపింది.

నీ అత్త